గేటు పక్క పిల్లితోక గడ్డి

జూన్ 26, 2011

హైదరాబాద్ నుంచి వచ్చాం. ఆయన కళ్లకు నీటికాసులట, గ్లాకోమా. కుడి కన్ను ఎప్పుడో పోయిందట, ఎడమది ఈ ఎండాకాలంలో పోయింది. ఇక రాదన్నాడు డాక్టరు. ఇన్నాళ్లూ ఈ మనిషి నాకు ఒక్క ముక్క చెప్పకుండా అద్దాలు మార్చుకుంటూ కూర్చున్నాడు. డ్రిల్ సారు కదా, కనబడటం లేదని ఎట్లా చెబుతాడు! పిల్లలు లైనులో వంకరగా నిలబడినా ఏమీ అనడం లేదని, గోప్యా సారు మెత్తబడ్డాడని బడిలో అందరూ మెచ్చుకున్నారు కూడా. నేనూ మెచ్చుకున్నాను.

బస్సులో అలవాటు కొద్దీ కిటికీ సీటు ఆయనకే ఇచ్చాను. జనగామ దాటాక గాని నాకు తట్టలేదు. అక్కడి నుంచి మానుకోట దాకా నేను తల ఎత్తలేదు.

ఊళ్లో వాన పడినట్టుంది. గేటు తీసేసరికి గడ్డి మూరెడు లేచి నిలబడింది. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. అబ్బ, ఎంత పచ్చగా ఉందో అనుకున్నాను. పైకి అనలేదు. అనుకున్నందుకే సిగ్గేసింది.

జూన్ 29

అన్నం ముట్టలేదు.

జూలై 2

కొంచెం ముట్టాడు.

జూలై 5

కిరోసిన్ డబ్బా తీసుకెళ్లి పక్కింటి రాజమణి అక్క దగ్గర పెట్టాను. వంటింట్లో ఎలుకలు తిరుగుతున్నాయి. డబ్బా పడేస్తే ఇల్లంతా కంపు. బావి మీద కూడా రేకు కప్పించాను. ఎలుకలు పడితే నీళ్లు పాడవుతాయి.

"డబ్బా ఎలుకలకు ఏమన్న అడ్డమొచ్చిందా రాజీ?" అంది అక్క. మళ్లీ తనే డబ్బా అందుకుని లోపల పెట్టింది.

పేపరు మానిపించాను. రోజూ ఏదో ఒక ఊళ్లో తెలంగాణ రాదేమోనని ఎవరో ఒక పిల్లగాడు ప్రాణం తీసుకున్న వార్తే. ఇప్పుడు నేనే చదివి వినిపించాలి కదా. నాకు గొంతు బాగాలేదు.

జూలై 8

"ఇగ నేను ఇంట్ల ఒక మూట. యాడ పెడితె ఆడుంట" అన్నాడు.

"మూటకు ఇంత కోపం ఉండదు సారూ" అన్నాను.

ఊరంతా సారూ అంటుంది కాబట్టి నేనూ పెళ్లయిన కొత్తలో ఆటపట్టించడానికి సారూ అనేదాన్ని, అదే స్థిరపడింది. అప్పట్లో అన్నప్పుడల్లా నవ్వేవాడు.

జూలై 12

మరిపెడ పక్క తండా నుంచి మా అత్త రుక్కి వచ్చింది. వచ్చీ రాగానే వాకిట్లో నిలబడి గడ్డిని చూసి, "ఒక్క బర్రె లేదు, ఇంత మేత ఎవలికే?" అని ఎప్పుడూ అనే మాటే అంది. తర్వాత లోపలికి పోయి కొడుకు తల ఒళ్లో పెట్టుకుని మా లంబాడీ భాషలో ఏదేదో మాట్లాడింది. ఆయన "యాడీ" అన్నాడు, అమ్మా అని. ఇన్ని రోజుల్లో మూట అన్న మాట తర్వాత ఆయన నోటి నుంచి వచ్చింది అదొక్కటే. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఉల్లిగడ్డలు కోస్తున్నానని చెప్పనక్కర్లేదు ఇప్పుడు, చూసేవాళ్లు లేరు.

జూలై 16

ఇవాళ బడి నుంచి వచ్చి ఊరికే వాకిట్లో కూర్చున్నాను. ఈ గడ్డి పిచ్చి నాకు ఎట్లా పట్టిందా అని.

మొదటి ఉద్యోగం మహదేవపూర్ దగ్గర. గోదావరి ఒడ్డున ఆశ్వయుజంలో రెల్లు పూసింది. ఏరు కనబడలేదు, ఒడ్డు కనబడలేదు, అంతా తెల్లగా ఊగుతోంది. అప్పటిదాకా నేను గడ్డిని పశువుల నోట్లో తప్ప చూడలేదు. ఆ రోజు నోరు తెరుచుకుని అట్లాగే నిలబడ్డాను, బడి గంట కొట్టారని కూడా తెలియలేదు. ఒక పిలక పెరుక్కుని సంచిలో వేసుకున్నాను. అదే ఇప్పుడు బావి పక్కన నా కన్నా ఎత్తున ఉంది.

తర్వాత ఇక ఆగలేదు. చిట్యాల పొలం గట్టు మీది వట్టివేరు. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే మా మరిది టీక్యా అడవి నుంచి తెచ్చిచ్చిన చీపురు గడ్డి. ఆకుకు అడ్డంగా తెల్ల చారలుండే గడ్డి. విరబోసుకున్న జుట్టులా నేల మీద వాలే సన్న గడ్డి, దానికి జుట్టుగడ్డి అని నేనే పేరు పెట్టాను. జనగామ నర్సరీలో కొన్న పిల్లితోక గడ్డి. దీని పేరూ నేను పెట్టిందే. గులాబీ రంగు కంకులు, అచ్చం పిల్లి తోకలాగా మెత్తగా ఉంటాయి. నర్సరీ అతను ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, బస్సు ఎక్కేలోపే మరిచిపోయాను.

"అందరి పెండ్లాలు గులాబీలు పెంచుతరు, నా పెండ్లాం మేత పెంచుతది" అని స్టాఫ్ రూములో చెప్పి నవ్వించేవాడు ఈయన. పోనీలే అని నేనూ నవ్వేదాన్ని. కాని సెలవు రోజు పొద్దున మగ్గుతో నీళ్లు పోసేది మాత్రం ఆయనే.

జూలై 20

ఇవాళ జరిగింది నేను సరిగ్గా రాయగలనో లేదో.

సాయంత్రం గాలి బాగా ఉంది. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు, ఎప్పటిలాగా గోడ వైపు తిరిగి. నేను బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి, "రెల్లుకు నీళ్లు పొయ్యలేదా?" అన్నాడు.

పోయలేదు. వానలు పడుతున్నాయి కదా అని వదిలేశాను. కాని ఐదారు రోజులుగా చినుకు లేదు.

"నీకెట్ల తెలుసు?"

"రోజు దాని సప్పుడు తడిగుంటది. ఇయ్యాల గరగర అంటున్నది."

బియ్యం చేట పక్కన పెట్టి వెళ్లి చూశాను. ఆకు అంచులు చుట్టుకున్నాయి. ముట్టుకుంటే నిజంగానే గరగర. ఎనిమిదేళ్లుగా పెంచుతున్నాను, గడ్డి చప్పుడుకు తడి పొడి ఉంటాయని నాకు తెలియదు. కళ్లున్నాయి కాబట్టి చెవులు వాడలేదేమో.

రెండు బకెట్లు పోశాను. మళ్లీ వచ్చి ఆయన పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాను. నాకు ఒక్కటే చప్పుడు వినబడింది. గాలి చప్పుడు, అంతే.

జూలై 21

"ఇది ఏది? అది ఏది?" అని పొద్దున్నే మొదలుపెట్టాను. వట్టివేరుది మొద్దు చప్పుడట, గోనెసంచి ఈడ్చినట్టు. చీపురు గడ్డిది పొడి చప్పుడు. చారల గడ్డిది గలగల. అన్నీ చెప్పాడు. చివరికి, "పిల్లగాని లెక్క నాకు పరీక్ష పెడుతున్నవా?" అని కసిరాడు.

కసరడం బాగుంది. అంటే, బాగుందని కాదు. పోనీ, బాగానే ఉంది.

జూలై 30

మూట నడిచింది.

అత్త చెయ్యి పట్టుకుంటానంటే విదిలించుకుని, రెల్లు చప్పుడు పట్టుకుని బావి దాకా వెళ్లాడు. రెల్లు ఆకు అంచు వేలికి తగిలి కోసుకుంది. రంపంలాంటిది అది. నేను పరిగెత్తాను. ఆయన వేలు నోట్లో పెట్టుకుని, "దీనికి నేను గుర్తున్న" అన్నాడు.

జుట్టుగడ్డి దగ్గర ఆగి చాలాసేపు చెవి పెట్టాడు. "గిది మూగదే" అన్నాడు. తర్వాత వంగి అరచేతితో నిమిరాడు. "కాదు, దీన్ని చేత్తోని ఇనాలె." అట్లా నిమురుతూనే ఉన్నాడు. నేను ఆ గడ్డిని అంత నెమ్మదిగా ఎప్పుడూ ముట్టుకోలేదు. కలుపు తీయడానికి ముట్టుకున్నాను, కుండీ మార్చడానికి ముట్టుకున్నాను.

ఆగస్టు 4

ఇంట్లో డ్రిల్ మొదలైంది. పిల్లలు లేరు, గడ్డి ఉంది.

"గిట్ల పిచ్చి పిచ్చిగ ఎవలు నాటమన్నరు నిన్ను? లైన్ల నిలబెట్టు" అన్నాడు. నేను గడ్డపార పట్టుకోవడం, ఆయన అరుగు మీద నిలబడి ఆర్డర్లు. నల్లా దగ్గర నిమ్మగడ్డి, వాసనకు. మరుగుదొడ్డి దారిలో వట్టివేరు. బావికి ముందు రెల్లు, అంతకన్నా ముందుకు పోవద్దని. గేటుకు రెండు పక్కలా పిల్లితోక. కంకులు వస్తే గాలికి గేటు రేకు మీద రాసుకుంటాయి, సుయ్ సుయ్ మని. వీధి మొదట్లో నిలబడితే కూడా ఆయనకు ఆ చప్పుడు వినబడుతుందట.

"నీ ఇల్లు నీకు ఈల వేసి పిలిచినట్టు" అన్నాను.

"ఈల నాది గాని, ఇంటిది కాదు" అన్నాడు. ఆ ఈల ఇంకా చిలక్కొయ్యకు వేలాడుతోంది. జూన్ నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

నడుము పట్టేసింది. మందు రాసుకుని పడుకుంటాను.

ఆగస్టు 22

తండాకు పోయి వచ్చాం. ఆయన రానన్నాడు. అత్త వినలేదు.

తీజ్ చివరి రోజు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, నీడలో పెట్టి, రోజూ పాడుకుంటూ నీళ్లు పోసి పెంచిన మొలకలను ఇవాళ పంచుతారు. పెళ్లికి ముందు నేనూ ఎన్నిసార్లు పోశానో ఆ నీళ్లు. కాని ఆ గోధుమ మొలక కూడా గడ్డేనని నాకు ఇవాళ్టిదాకా తోచలేదు. నా మొదటి గడ్డి గోదావరిది కాదు. మా తండాదే.

టీక్యా కూతురు సింధు వచ్చి పెదనాన్న చేతిలో ఒక గుప్పెడు మొలకలు పెట్టింది. జానెడు పొడుగు, లేత పసుపు. ఆయన వేళ్లతో కొస నుంచి వేరు దాకా తడిమాడు.

"ఏం రంగున్నది బిడ్డా?"

"పసుపు, పెదనాన్న. ఎండల పెట్టం కదా. ఆకుపచ్చ రాదు."

"ఎలుగు సూడకుంటనే గింత పొడుగు పెరిగిందా?"

"ఆఁ, నీడల్నే పొడుగు పెరుగుతది."

సింధు ఒక పాయ తీసి ఆయన చెవి పైన జుట్టులో దోపింది. బస్సులో మానుకోట దాకా అది అట్లాగే ఉంది. ఇంటికొచ్చాక తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

సెప్టెంబర్ 7

పిల్లితోక కంకులు వచ్చాయి. పొద్దున ఎండ వాటి వెనక నుంచి పడితే ఒక్కో వెంట్రుకా వెలుగుతుంది. ఎవరు చేశారో ఇంత ఓపికగా! ఒక్క గడ్డిపోచకు ఇంత సింగారం ఎందుకు, ఎవరు చూడాలని? నేను చూశాను. ఆయన విన్నాడు. సుయ్ సుయ్.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలు. రేపో మాపో మేం టీచర్లమూ దిగుతాం. బొగ్గుబావుల్లో ఇవాళే పని ఆగిందని టీక్యా భూపాలపల్లి నుంచి ఫోన్ చేశాడు.

సెప్టెంబర్ 18

కరెంటు ఉండటం లేదు. బొగ్గు లేక. పొద్దుగూకగానే వీధంతా చీకటి. నేను దీపం బుడ్డి పట్టుకుని రాజమణి అక్క ఇంటికి పోయి కిరోసిన్ పోయించుకుని వస్తున్నాను, మా డబ్బాలోదే, రోజూ. అక్క రోజూ పోస్తోంది, రోజూ ఏమీ అడగదు.

"ఇప్పుడు అందరు నా కాడికొచ్చిండ్రు" అన్నాడు ఆయన చీకట్లో, నేను చెప్పులు వెతుక్కుంటుంటే. "అరుగు కింద ఉన్నయ్. ఎడమ దిక్కు."

ఎలుకలు ఇంకా ఉన్నాయి.

సెప్టెంబర్ 20

బస్సులు ఆగిపోయాయి. ఇవాళ ఆటోలు కూడా లేవు.

పొద్దున ఆయన గేటు దగ్గర నిలబడి చాలాసేపు విన్నాడు. "రోడ్డు యాడికి పోయింది రాజీ?" అన్నాడు.

"ఎక్కడికీ పోలేదు. సమ్మె కదా, బండ్లు లేవు."

"ఊరంత ఇనబడుతున్నది" అన్నాడు. ఆ మాట అన్న తీరు నేను మరిచిపోలేను. పండుగనాడు కొత్త బట్టలు చూసిన పిల్లవాడి గొంతు. "గదిగో, పిండి చక్కి నడవనీకి డీజిల్ ఇంజన్ తిప్పుతున్నరు. గదిగో, ఆ కుక్క ఆంజనేయులు హోటల్ ముంగట. రైలు పట్టాలు గా దిక్కు. ఇన్నేండ్లు ఈ బండ్ల మోత కింద ఇంత ఊరు దాగున్నదా?"

గేటు తీశాడు. నేను వెనకాలే. రోడ్డు మధ్యలో నడిచాడు! కర్ర కూడా లేదు. తెలంగాణ వస్తే ఏమవుతుందో నాకు తెలియదు గాని, తెలంగాణ కోసం ఆగిపోయిన రోడ్డు మీద మాత్రం నా మొగుడు నడిచాడు.

సెప్టెంబర్ 24

రోజూ పొద్దున ఆయన్ని తహసీల్దారు ఆఫీసు ముందు సమ్మె దీక్షా శిబిరానికి తీసుకుపోతున్నాను. మధ్యాహ్నం ఒక్కడే ఇంటికి వస్తున్నాడు. బోరింగు దగ్గర మలుపు, ఆ తర్వాత నేరుగా. పిల్లితోక రేకు మీద రాసుకునే చోట ఆగి గేటు తీస్తాడు. మొదటిరోజు నేను దూరంగా వెనకాలే దొంగలా నడిచాను. గేటు దగ్గర ఆగి, "చెప్పులు ఈడ్చకుంట నడువు, దొరికిపోతున్నవ్" అన్నాడు.

సెప్టెంబర్ 28

నిన్న రాయలేకపోయాను.

నిన్న ఎంగిలిపూల బతుకమ్మ. రోడ్డు మీద వంటావార్పు పెట్టారు శిబిరంలో. అన్నాలయ్యాక ఆయన ఎప్పటిలాగే ఇంటికి బయలుదేరాడు. నేను గిన్నెలు కడిగేవాళ్లతో ఉండిపోయాను. ఇంటికొచ్చేసరికి ఎండ తగ్గుతోంది.

గేటు బోసిగా ఉంది. రెండు పక్కలా పిల్లితోక కంకులు ఒక్కటి లేదు. కొడవలితో శుభ్రంగా కోసేశారు.

మొదట నాకు వచ్చింది కోపం. ఆయన గురించి కాదు. నా కంకులు! ఎవరి చేతులు పడిపోనూ అనుకున్నాను, అనుకున్నది అనుకున్నట్టే రాస్తున్నాను. అత్త పెరట్లో పప్పు ఎండబోసి కూర్చుంది. "సారు పడుకున్నాడా?" అన్నాను. "యాడ, నీతోనే ఉన్నడనుకున్న" అంది అత్త.

అప్పుడు తట్టింది. కంకులు లేకపోతే చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే గేటు లేదు. ఇల్లు దాటిపోయాడు. మా వీధి చివర ఏముంది? రైలు పట్టాలు.

శిబిరానికి పోలేదు నేను. బజారుకు పోలేదు. ఎవరినీ అడగలేదు. నేరుగా పట్టాల దగ్గరికే పరిగెత్తాను. వేరే ఎక్కడా చూడకుండా ముందు అక్కడికే ఎందుకు పోయానో నాకు తెలుసు. జూలై నుంచీ తెలుసు. గూడ్సు పోతోంది. అది పోయేదాకా దాని పక్కన నిలబడ్డాను. ఒక్కో డబ్బా, ఒక్కో డబ్బా. పోయాక పట్టాలు ఖాళీగా ఉన్నాయి. అటు చూశాను, ఇటు చూశాను. కంకర మీద కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు.

బడి మైదానం వైపు నుంచి చప్పట్లు వినబడ్డాయి.

లేచి పోయాను. ఎవరినైనా పిలుచుకొద్దామని పోయాను, అంతే. మైదానం నిండా ఆడవాళ్లు. ఈసారి అన్ని వీధులవాళ్లూ ఒక్కచోటే ఆడుతున్నారు, సమ్మె కదా. మధ్యలో బతుకమ్మలు. అన్నిటికన్నా పెద్ద బతుకమ్మ పక్కన, చుట్టూ వందమంది ఆడవాళ్లు తిరుగుతుంటే, నేల మీద బాసింపట్టు వేసుకుని మా సారు. ఒక చెయ్యి ఆ స్టీలు తాంబాళం అంచు మీద ఉంది. తాంబాళం చుట్టూ కుచ్చులాగా కట్టి ఉన్నాయి నా పిల్లితోక కంకులు.

ఆ వలయంలోకి మగవాళ్లు రారు. ఆయన్ని లేపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

రాజమణి అక్క కూతురు రజిత ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చింది. "టీచర్, గునుగు పువ్వు అనుకున్నం. గీసారి గునుగు యాడ దొరకలేదు, అందరు ఒక్కతాన్నే కోసుకపోయిండ్రు. మీ గేటు కాడ గిన్ని కనబడ్డయ్. కోసినంక పేర్చబోతె నిలబడలే, మెత్తగ వాలిపోతున్నయ్. అందుకే చుట్టు కట్టినం."

అడగకుండా కోశారని తిట్టడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. బతుకమ్మకు పువ్వు కోయడానికి ఈ ఊళ్లో ఎవరు ఎవరిని అడుగుతారు? ఏ గట్టు మీద ఉన్నా, ఎవరి కంచెకు ఉన్నా గునుగు అందరిదీ. దాని రంగు, దీని రంగు ఒక్కటే. పొరపాటు పడింది పిల్లలు కాదు. గునుగులాంటి గడ్డిని గేటుకు పెట్టుకున్నది నేను.

వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఊపిరి ఆడటం లేదు నాకు.

"పట్టాల కాడి నుంచి వస్తున్నవా?" అన్నాడు. నా రొప్పు విన్నాడో, చీరకు అంటిన కంకర దుమ్ము వాసన పట్టాడో.

"నువ్వు పోయినవా అక్కడికి?"

"పోయిన. ఇల్లు దొరకలే. నడిచిన. కాలికి కంకర తగిలింది. పట్టాలు సప్పుడు చేస్తున్నయ్, బండి దూరంగ ఉన్నది." మా చుట్టూ కాళ్లు తిరుగుతున్నాయి. "నిలబడ్డ."

"నిలబడి?"

"నిలబడ్డ, రాజీ. గంతె. అప్పుడు ఎనక నుంచి మన గేటు పోయింది."

"గేటు పోవుడేంది?"

"సుయ్ సుయ్ అనుకుంట. రేకు మీద కంకులు. ఇదేంది, మన గేటు నడుసుకుంట యాడికి పోతున్నది అనుకున్న. పట్టాలిడిసిపెట్టి దాని ఎంబడి వచ్చిన. చూస్తె ఈడ ఆగింది." తాంబాళం అంచున వేలు ఆడించాడు. కంకులు స్టీలు మీద రాసుకున్నాయి. సుయ్ మంది. వందమంది చప్పట్ల మధ్య అది నాకూ వినబడింది. మొదటిసారి, విడిగా, స్పష్టంగా వినబడింది.

నేను ఏడ్చాను అప్పుడు. అందరి ముందూ, గట్టిగా.

ఆయన తల పైకెత్తి ఏదో విన్నాడు. మొహం చిట్లించాడు. తర్వాత డ్రిల్ గొంతుతో, జూన్ నుంచి నేను వినని గొంతుతో, మైదానం అంతా అదిరేలా అరిచాడు.

"రెండో వరుస! చప్పట్లు ఎనకబడుతున్నయ్! రజితా, నువ్వే!"

వలయం ఒక్క క్షణం ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. రెండో వరుస సర్దుకుంది. ఆ తర్వాత పడిన చప్పట్లు ఒక్కటే చెయ్యి కొట్టినట్టు పడ్డాయి.

చీకటి పడుతుండగా బతుకమ్మలను చెరువులో వదిలారు. నీళ్ల మీద నా కంకులు విడిపోయి అటూ ఇటూ పోయాయి. ఎట్లా ఉందో చెప్పమన్నాడు. చెప్పాను. నాకు చేతనైనంత చెప్పాను.

అక్టోబర్ 4

సద్దుల బతుకమ్మ. రజిత, వాళ్ల జట్టు వచ్చి సారును మైదానానికి పిలుచుకుపోయారు, వరుసలు చూడమని. చిలక్కొయ్య ఖాళీగా ఉంది. ఈల తీసుకుపోయాడు.

అక్టోబర్ 11

కోసిన మొదళ్ల నుంచి పిల్లితోక మళ్లీ చిగురు వేసింది. ముందుకన్నా గుబురుగా. ఎంత కోస్తే అంత వస్తానంటోంది. పొద్దున దాని ముందు గొంతుక్కూర్చుని లేవలేకపోయాను. కూర దింపడం మరిచిపోయి మాడింది. అత్త తిట్టింది. "దానికే మేత వెయ్యి నీ మొగనికి వద్దు గాని" అంది.

అక్టోబర్ 17

మా టీచర్ల సమ్మె ముగిసింది. బడి తెరిచారు. బస్సులు తిరుగుతున్నాయి. పొద్దున్నే హారన్లు, ఆటోలు, లారీలు. గేటు దగ్గర నిలబడి ఆయన మొహం చూశాను. నాకు భయం వేసింది. ఊరంతా మళ్లీ ఆ మోత కింద దాక్కుంది కదా. గేటు గడ్డికి ఇంకా కంకి రాలేదు.

"ఇయ్యాల వద్దులే, రేపు పోదాం" అన్నాను.

"మోత కింద ఉన్నది, యాడికి పోలె" అన్నాడు. "ఉన్నదని తెలిసినంక దొరకదా?"

గోడ పక్కగా నడిచాడు, నా భుజం మీద ఒక చెయ్యి వేసి. బడి గేటు దగ్గర ఆ చెయ్యి తీసేశాడు. ప్రార్థనకు పిల్లలు నిలబడ్డారు. ఆయన ముందుకు పోయి ఈల వేశాడు. ఎవరో కాలు ఈడిస్తే పేరు పెట్టి పిలిచాడు. పిల్లలు ఆశ్చర్యంతో నోళ్లు తెరిచారు. సారుకు చూపు వచ్చిందని మధ్యాహ్నానికి బడంతా పుకారు.

ఉద్యోగం ఉంచుతారో లేదో తెలియదు. హెడ్మాస్టరు పై ఆఫీసుకు రాస్తానన్నాడు. అది వేరే సంగతి.

అక్టోబర్ 23

ఇంకా కరెంటు సరిగ్గా లేదు. పొద్దు గుంకుతుంటే బుడ్డి పట్టుకుని రాజమణి అక్క ఇంటికి బయలుదేరాను. ఆయన అరుగు మీద కూర్చుని జుట్టుగడ్డి నిమురుతున్నాడు.

"రాజీ, రోజు గట్ల బుడ్డి పట్టుకోని తిరుగుడెందుకు? డబ్బనే తెచ్చుకో."

నిలబడిపోయాను. డబ్బా సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

"ఎలుకలు..." అన్నాను.

"డబ్బ లేపినప్పుడు లోపల కిరోసిన్ ఊగిన సప్పుడు ఇన్న. గేటు తీసినవ్, రాజమణి గేటు తీసినవ్, ఉత్త చేతులతోని వచ్చినవ్. ఎనక బావి మీద రేకు ఏసిండ్రు. కండ్లు పోయినయ్ గాని రాజీ, బుద్ధి పోలే." చెయ్యి ఇంకా గడ్డి మీదే కదులుతోంది. "మంచిపని చేసినవ్ అప్పుడు. నిజంగనే ఎలుకలుండె."

"ఇప్పుడు?"

చెవి పెట్టి విన్నట్టు నటించాడు. కాసేపు. మొహంలో నవ్వు.

"లేవు" అన్నాడు.

వెళ్లి డబ్బా తెచ్చాను. రాజమణి అక్క ఇస్తూ నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. డబ్బాను వంటింట్లో పాత చోటే, పొయ్యి పక్కన పెట్టాను. దీపం వెలిగించి, బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాను. రెల్లు, వట్టివేరు, చీపురు గడ్డి. ఇవాళ మూడు విడివిడిగా వినబడ్డాయి.